ఎత్తైన టవర్: డిజైన్‌లో ఊహించిన అంకెల్ని భవనం మీద కొలిచి సరిచూసుకోవడం ఎలా

ఇరవై అంతస్తుల భవనానికి బలం సరిపోయిందంటే పని చాలావరకు అయిపోయినట్టే. రెండు వందల మీటర్లు దాటాక అలా కుదరదు. బలం సరిపోయినా భవనం ఊగుతుంది, మెల్లగా కుదించుకుంటుంది, ఎండకు వంగుతుంది. వీటన్నిటినీ డిజైనర్ కొన్ని ఊహల మీదే లెక్కగడతాడు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు: సహజ ఫ్రీక్వెన్సీ (భవనం తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో), డ్యాంపింగ్ (ఊపు ఎంత త్వరగా అణగిపోతుందో), పగుళ్లిచ్చిన కాంక్రీట్‌కి మిగిలే స్టిఫ్‌నెస్ (వంగకుండా నిలిచే బిగువు), కాలమ్‌లు కాలం గడిచేకొద్దీ ఎంత పొట్టిపడతాయన్న కొలత. ఏ సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నది ఈ నాలుగిటినీ చూసి తేల్చాలి. అందుకే డిజైన్ రిపోర్ట్ రాసేటప్పుడే చివర ఒక పట్టిక పెట్టుకోండి. ఊహించిన విలువ, అది ఎంత తప్పితే ప్రమాదం, దాన్ని దేనితో కొలుస్తాం అని మూడు గడులు చాలు. ఏ గడికీ సంబంధం లేని సెన్సర్ కొనకండి.

ముందు చేతి లెక్క

సాఫ్ట్‌వేర్ తెరవకముందు కాగితం మీద రెండు అంకెలు రాసుకోవాలి. మొదటిది ఫ్రీక్వెన్సీ. 46ని మీటర్లలో ఎత్తుతో భాగిస్తే హెర్ట్జ్‌లో మొదటి ఫ్రీక్వెన్సీ ఉజ్జాయింపుగా వస్తుంది. 300 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల చదరపు ప్లాన్ ఉన్న టవర్ తీసుకుంటే 0.153 హెర్ట్జ్, అంటే ఒక ఊపుకి ఆరున్నర సెకన్లు. కంప్యూటర్ మోడల్ దీనికి మూడో వంతు అటూఇటూగా తేడా చూపిస్తే ముందు మోడల్‌నే అనుమానించండి. స్లాబ్ బరువు రెండుసార్లు లెక్కలోకి రావడం, యూనిట్లు తారుమారవడం, ఫౌండేషన్ వంగేదాన్ని కదలనిదిగా పెట్టడం మామూలుగా దొరికే తప్పులు.

రెండోది సుడుల వేగం. గాలి భవనాన్ని దాటేటప్పుడు రెండు పక్కలా ఒకదాని తర్వాత ఒకటిగా సుడులు విడిపోతాయి. అవి విడిపోయే లయ భవనం ఫ్రీక్వెన్సీతో కలిస్తే టవర్ గాలి వీచే దిశకు అడ్డంగా ఊగుతుంది. బాగా ఎత్తైన భవనాల్లో డిజైన్‌ని తేల్చేది చాలాసార్లు ఈ అడ్డం ఊపే. లయ కలిసే గాలి వేగం కోసం, చదరపు ప్లాన్‌కి ఫ్రీక్వెన్సీని వెడల్పుతో గుణించి 0.12తో (ఆ ఆకారానికి సుడుల లయని చెప్పే అంకె) భాగించండి: 0.153 × 42 ÷ 0.12 = సెకనుకి సుమారు 54 మీటర్లు. చాలాచోట్ల టవర్ తల దగ్గర ఇంత సగటు గాలి అరుదు. అదే వెడల్పు 30 మీటర్లయితే 38 మీటర్లకే లయ కలుస్తుంది. సన్నబడితే ఫ్రీక్వెన్సీ కూడా పడిపోతుంది కాబట్టి నిజానికి అంతకన్నా ముందే కలుస్తుంది. తుఫాను ప్రాంతంలో అది తప్పక వచ్చే వేగం.

ఈ లెక్క భయపెడితే స్టీల్ పెంచడానికి ముందు ఆకారం మార్చి చూడండి. మూలలు కోయడం, పైకి పోయేకొద్దీ ప్లాన్ తగ్గించడం, మధ్యలో గాలి దూరే ఖాళీ అంతస్తులు వదలడం, ఇవన్నీ సుడులు ఎత్తు పొడవునా ఒకే లయలో విడిపోకుండా చేస్తాయి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మెట్లుమెట్లుగా తగ్గేది ఇందుకే. 632 మీటర్ల షాంఘై టవర్‌ని 120 డిగ్రీలు మెలితిప్పి, మూలలు గుండ్రం చేస్తే గాలి లోడు 24 శాతం తగ్గిందని దాని డిజైనర్లు చెప్పారు. ఇంత లాభం కాంక్రీట్ గ్రేడ్ పెంచితే రాదు.

భవనం నమూనాని విండ్ టన్నెల్‌కి (గాలి వీచి పరీక్షించే సొరంగానికి) పంపేటప్పుడు ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే డ్యాంపింగ్ ఇచ్చి ఒకే జవాబు తెచ్చుకోవద్దు. 1:400 దరిదాపు స్కేలులో, చుట్టుపక్కల భవనాలతో సహా, 10 డిగ్రీలకొకటి చొప్పున 36 దిశల్లో పరీక్ష ఎలాగూ చేస్తారు. ఆ డేటాతోనే ఫ్రీక్వెన్సీ 15 శాతం ఎక్కువ, 15 శాతం తక్కువ, డ్యాంపింగ్ 0.5, 1, 1.5, 2 శాతాలకు ఫలితాలు అడిగి పట్టిక తీసుకోండి. భవనం కట్టాక కొలిచిన అంకె ఎటు వచ్చినా చూసుకోవడానికి అదే పనికొస్తుంది.

డ్యాంపింగ్ దగ్గర ఉదారంగా ఉండొద్దు

నాలుగు ఊహల్లో అన్నిటికన్నా తక్కువ ఆధారం ఉన్నది ఇదే. ఫ్రీక్వెన్సీని మోడల్ ఎంతో కొంత చెబుతుంది, డ్యాంపింగ్‌ని ఏ మోడలూ చెప్పదు. ఎత్తు పెరిగేకొద్దీ అది తగ్గుతుందని కట్టిన టవర్ల మీద కొలతలు చూపిస్తున్నాయి. మామూలు గాలుల్లో 1 శాతం, కొన్నిట్లో అంతకన్నా తక్కువ. పాత అలవాటుగా 2 శాతం వేసుకున్నాక నిజంగా 1 శాతమే ఉంటే, రెజొనెన్స్ (లయలు కలవడం) వల్ల వచ్చే త్వరణం దాదాపు 1.4 రెట్లవుతుంది. భవనం కూలదు. కానీ పై అంతస్తుల్లో జనం ఉండలేరు.

సౌకర్యానికి వాడే హద్దులు, పదేళ్లకోసారి వచ్చే గాలికి, నివాసాలకు 15 నుంచి 18 మిల్లీ-జీ (గురుత్వ త్వరణంలో వెయ్యో వంతు ఒక మిల్లీ-జీ), ఆఫీసులకు 20 నుంచి 25 మిల్లీ-జీ. మన 300 మీటర్ల టవర్ తల అటూఇటూ 100 మి.మీ. ఊగితే త్వరణం సుమారు 9.4 మిల్లీ-జీ. త్వరణం = (2π × ఫ్రీక్వెన్సీ)² × ఊపు అన్న ఈ ఒక్క సంబంధం గుర్తుంటే రిపోర్టుల్లో వచ్చే అంకెలు నిజమో కాదో చూడగానే పట్టేయొచ్చు.

హద్దు దాటితే ట్యూన్డ్ మాస్ డ్యాంపర్, అంటే భవనం లయకి సరిచేసి తల దగ్గర వేలాడదీసే పెద్ద బరువు; అది ఎదురు ఊగి ఊపుని తగ్గిస్తుంది. 508 మీటర్ల తైపే 101లో వేలాడే గోళం 660 టన్నులు, షాంఘై టవర్‌లోది 1000 టన్నులు. మన టవర్ బరువు లక్ష టన్నులనుకుంటే మొదటి మోడ్‌లో (భవనం ఊగే మొదటి తీరులో) కదిలే బరువు అందులో పావు నుంచి మూడో వంతు. దానిలో 1 శాతం అంటే 300 టన్నుల దరిదాపు. బాగా ట్యూన్ అయితే ఇది 2 శాతానికి పైగా డ్యాంపింగ్ కలుపుతుంది. చిక్కంతా ఆ ట్యూనింగ్‌లోనే ఉంది. 0.153 హెర్ట్జ్‌కి లోలకం పొడవు 10.6 మీటర్లు. కట్టిన భవనం ఫ్రీక్వెన్సీ డిజైన్ కన్నా 10 శాతం ఎక్కువ రావడం వింతేమీ కాదు. కాంక్రీట్ అసలు బలం స్పెసిఫికేషన్‌ని దాటుతుంది, గోడలు, క్లాడింగ్ (బయటి తొడుగు) కొంత బిగువునిస్తాయి, డిజైన్‌లో లెక్కేసిన లైవ్ లోడు (మనుషులు, సామాను బరువు) పూర్తిగా రాదు. అప్పుడు కావాల్సిన పొడవు 8.8 మీటర్లే. కాబట్టి తాళ్లను పట్టే ఫ్రేమ్‌కి దాదాపు రెండు మీటర్ల సర్దుబాటు డ్రాయింగ్‌లోనే ఉంచాలి. స్ట్రక్చర్ పూర్తయి క్లాడింగ్ ఎక్కాక ఒకసారి, జనం చేరాక మరోసారి ఫ్రీక్వెన్సీ కొలిచి సర్దాలి. కొలవకుండా డిజైన్ అంకెకే బిగించిన డ్యాంపర్ వట్టి బరువు.

కుదింపు, ఔట్‌రిగర్

మధ్యలో కోర్ (లిఫ్ట్‌ల చుట్టూ ఉండే కాంక్రీట్ గోడల గొట్టం), చుట్టూ పెద్ద కాలమ్‌లు, రెండిటినీ కలుపుతూ కొన్ని అంతస్తుల్లో ఔట్‌రిగర్ ట్రస్‌లు (చేతుల్లా చాచిన చట్రాలు). ఒక్క ఔట్‌రిగరే పెట్టేట్టయితే సగం ఎత్తు దగ్గర, రెండైతే మూడో వంతు, రెండు మూడో వంతుల దగ్గర పెడితే ఎక్కువ ఫలితం. మెకానికల్ అంతస్తుల కోసం రెండు మూడు అంతస్తులు అటూఇటూ జరిగినా పెద్ద నష్టం లేదు.

నష్టం వచ్చేది కుదింపు లెక్క వదిలేస్తే. కాలమ్‌లో ఒత్తిడి 18 మెగాపాస్కల్, కోర్‌లో 10 మెగాపాస్కల్ అనుకోండి. కాంక్రీట్ మాడ్యులస్ (ఒత్తిడిని స్ట్రెయిన్‌తో భాగిస్తే వచ్చే విలువ) 40 గిగాపాస్కల్ అయితే కాలమ్‌లో 450, కోర్‌లో 250 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో ఒక వంతు మార్పు ఒక మైక్రోస్ట్రెయిన్). తేడా 200. క్రీప్‌తో (నిలకడ లోడు కింద కాంక్రీట్ ఏళ్ల తరబడి కుదించుకోవడం) అది రెట్టింపైతే 200 మీటర్ల ఎత్తుకి 80 మి.మీ. తేడా. స్లాబ్ వాలుతుంది, లిఫ్ట్ పట్టాలు, పైపులు ఒత్తుకుంటాయి, ఔట్‌రిగర్‌లో గాలి రాకుండానే పెద్ద బలం పుడుతుంది.

మోడల్‌లో భవనం అంతా ఒక్కసారే నిలబెట్టి లోడు వేస్తే ఈ తేడా తల దగ్గర అత్యధికంగా కనిపిస్తుంది. అది తప్పు. నిర్మాణంలో ప్రతి అంతస్తునీ పోసేటప్పుడు లెవెల్ సరిచేస్తారు, కింద అప్పటిదాకా జరిగిన కుదింపు అక్కడితో సర్దుకుంటుంది. అందుకని స్లాబ్ పోసిన తర్వాత జరిగే తేడా మధ్య ఎత్తుల్లోనే ఎక్కువ. అంతస్తులవారీగా, పోసిన తేదీలతో, క్రీప్, ష్రింకేజ్ (ఆరేకొద్దీ కాంక్రీట్ కుంచించుకుపోవడం) కలిపి దశల విశ్లేషణ తప్పనిసరి. స్లాబ్ సైకిల్ (ఒక అంతస్తు పోయడానికి పట్టే కాలం) ఆరు రోజుల నుంచి నాలుగు రోజులకు మారితే మళ్లీ నడపాలి.

ఔట్‌రిగర్ చివరి బోల్టుల్ని వీలైనంత ఆలస్యంగా బిగిస్తారు, అప్పటిదాకా జాయింట్ జారేలా వదులుతారు. కానీ అది వదులుగా ఉన్నంతకాలం టవర్‌కి గాలి తట్టుకునే పూర్తి బలం ఉండదు. ఆ మధ్యకాలానికి తుఫాను సీజన్ పడుతుందేమో చూసి, ఏ ఎత్తు దాటకముందు ఏ ఔట్‌రిగర్ బిగించాలో రాతపూర్వకంగా ఇవ్వాలి. బిగించాక కూడా కుదింపు ఆగదు. మిగిలే బలాన్ని డయాగనల్స్ (ఏటవాలు కడ్డీలు) మీద స్ట్రెయిన్ గేజ్‌లతో (సాగుడు, కుదింపు కొలిచే పరికరాలతో) చూడాల్సిందే.

ఫౌండేషన్ గురించి ఒక్క మాట. మొత్తం దిగుడు కన్నా ఒక పక్క ఎక్కువ దిగడం ప్రమాదం. 2009లో పూర్తయిన శాన్‌ఫ్రాన్సిస్కో మిలీనియం టవర్ పైల్స్ (నేలలోకి దింపిన పునాది స్తంభాలు) రాతి పొర దాకా వెళ్లలేదు. 2016 నాటికి 40 సెంటీమీటర్ల దాకా దిగి ఒక పక్కకు వాలింది. రాఫ్ట్ (భవనం కింది పునాది దిమ్మ) నాలుగు మూలలా, మధ్యలో లెవెల్ పాయింట్లు పెట్టి మొదటి అంతస్తు నుంచే రీడింగ్ తీయండి. సగం కట్టాక మొదలుపెడితే పోయిన సగం ఎప్పటికీ తెలియదు.

సెన్సర్లు ఎక్కడ, ఎలా

యాక్సిలరోమీటర్లు (త్వరణం కొలిచేవి) అంతస్తుకి మూడు ఛానళ్లు. ఒకే దిశలో రెండు, ప్లాన్‌లో వీలైనంత దూరంగా ఎదురెదురు చివర్లలో. వాటికి అడ్డంగా ఒకటి మధ్యలో. మొదటి రెండిటి సగటు ఊపుని, తేడా మెలికని ఇస్తాయి. తల దగ్గర ఒక సెట్, మధ్య ఎత్తుల్లో కనీసం రెండు, బేస్‌మెంట్‌లో నిలువు దిశతో సహా ఒకటి. మధ్యవాటిని ఎత్తులో 70 నుంచి 80 శాతం మధ్య పెట్టొద్దు. చాలా టవర్లకు రెండో మోడ్‌లో దాదాపు కదలని చోటు అక్కడే ఉంటుంది, ఆ మోడ్ మీకు కనిపించకుండా పోతుంది. 50 శాతం దగ్గర ఒకటి, 90 శాతం దగ్గర ఒకటి మేలు.

ఫోర్స్-బ్యాలెన్స్ రకమే (అతి చిన్న ఊపునీ పట్టేవి) తీసుకోండి. చవక చిప్ సెన్సర్ తుఫానుని చూపిస్తుంది కానీ నిశ్చలమైన రోజు ఊపుని నాయిస్‌లో ముంచేస్తుంది, బేస్‌లైన్ (తర్వాత పోల్చుకోవడానికి తీసే మామూలు స్థితి కొలత) దొరికేది ఆ రోజుల్లోనే. 24 బిట్ రికార్డర్, సెకనుకి 100 శాంపిళ్లు, ముందు యాంటీ-అలియాసింగ్ ఫిల్టర్ (శాంపిళ్లు పట్టలేనంత వేగపు కంపనాల్ని ఆపేది). ఛానళ్ల గడియారాలు మిల్లీసెకనులోపు కలవాలి. 10 మిల్లీసెకన్ల తప్పు 0.15 హెర్ట్జ్ దగ్గర అర డిగ్రీ మాత్రమే, కానీ 5 హెర్ట్జ్ దగ్గర 18 డిగ్రీలు.

బిగించే పనిని ఇంజనీరు దగ్గరుండి చూడాలి. పెయింట్, ప్లాస్టర్, స్క్రీడ్ తీసేసి కాంక్రీట్ కనిపించేదాకా గీకాలి. ఇనుప ప్లేటుని యాంకర్ బోల్టులతో బిగించి, దాని మీద సెన్సర్ పెట్టి, బబుల్ మధ్యకు తేవాలి. ఎత్తు పెంచిన ఫాల్స్ ఫ్లోర్ మీద, లిఫ్ట్ మోటర్ గది పక్కన, చిల్లర్ల దగ్గర వద్దు. పాజిటివ్ దిశ బాణం గోడ మీద పెయింట్‌తో వేసి, ఛానల్ నంబరుతో ఫోటో తీయాలి. తర్వాత బాణం దిశలో ఒక్కో ప్లేటుని రబ్బరు సుత్తితో తట్టి తెర మీద గీత ఎటు లేచిందో చూడాలి. ఎదురెదురు సెన్సర్లలో ఒకటి తిరగబడితే ఊపు మెలికగా, మెలిక ఊపుగా కనిపిస్తుంది. నెలల తరబడి లేని సమస్య కోసం వెతుక్కుంటారు.

యాక్సిలరోమీటర్‌కి రెండు పరిమితులున్నాయి. భవనం వంగితే సెన్సర్ కూడా వాలుతుంది, ఆ వాలుని అది త్వరణంగా చదువుతుంది. మన టవర్ మొదటి మోడ్‌లో ఇది దాదాపు 5 శాతం అదనం. రెండు, గాలి నిలకడగా నెట్టి పట్టుకున్న స్థానభ్రంశం దానికి తెలియదు. రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే చిన్న ఆఫ్‌సెట్ కూడా కాలం వర్గంతో పెరిగి మీటర్లలోకి పోతుంది. దానికి జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ స్థాన కొలత) కావాలి. రూఫ్ మీద యాంటెన్నా, సెకనుకి 10 లేదా 20 రీడింగ్‌లు, దగ్గరలో కదలని తక్కువ ఎత్తు నేల మీద బేస్ స్టేషన్. అడ్డం దిశలో ఒక సెంటీమీటరు దాకా నమ్మొచ్చు. యాంటెన్నా స్తంభం గట్టిగా ఉండాలి, క్రేన్ చేతులు, అద్దాలు తుడిచే యంత్రం దానికి దూరంగా ఉండాలి. రోజూ దాదాపు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ అదే ఆకారంలో ఒక వంకర కనిపిస్తే భవనాన్ని అనుమానించకండి. ఉపగ్రహాల సిగ్నల్ పక్క ఉపరితలాల మీద పడి తిరిగి రావడమే కారణం.

కుదింపుకి కాంక్రీట్‌లో పాతే వైబ్రేటింగ్ వైర్ గేజ్‌లు (బిగించిన తీగ కంపించే లయని బట్టి స్ట్రెయిన్ చెప్పేవి): బేస్‌లో, ప్రతి ఔట్‌రిగర్ కిందా పైనా, కోర్ గోడ రెండు చివర్లా, ఎంచుకున్న కాలమ్‌లలో. ప్రతి చోటా ఒకటి అదనం, ఎందుకంటే కాంక్రీట్‌ని సర్దే వైబ్రేటర్ తగిలి, కేబుల్ తెగి కొన్ని పోతాయి. పక్కనే లోడు పడని కాంక్రీట్ డబ్బాలో ఒక గేజ్ పెట్టండి. అది లేకుండా ష్రింకేజ్‌ని, వేడిని లోడు నుంచి విడదీయలేరు. స్టీల్ డిగ్రీకి 12 మైక్రోస్ట్రెయిన్ వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల తేడా అంటే 180. టెంపరేచర్ రాయని స్ట్రెయిన్ రీడింగ్‌కి విలువ లేదు. నాలుగు ముఖాల మీదా టెంపరేచర్ సెన్సర్లు పెడితే, ఎండ తిరిగేకొద్దీ తల ఎటు వంగుతోందో జీఎన్ఎస్ఎస్ గీతతో పోల్చవచ్చు. నిర్మాణంలో నిలువు సర్వే పని తెల్లవారకముందు, గాలి తగ్గినప్పుడు చేయించడం కూడా ఇందుకే.

రికార్డు నుంచి అంకె తీయడం

ఫ్రీక్వెన్సీ పది నిమిషాల రికార్డులో కూడా దొరుకుతుంది. డ్యాంపింగ్‌కి ఓపిక కావాలి. 1 శాతం డ్యాంపింగ్ ఉంటే స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊపుందో చూపే గీతలో) 0.153 హెర్ట్జ్ దగ్గర శిఖరం వెడల్పు 0.003 హెర్ట్జ్ మాత్రమే. ఆ వెడల్పులో కనీసం అయిదు బిందువులు పడాలంటే రికార్డుని కోసే ఒక్కో ముక్క 28 నిమిషాలు ఉండాలి. పక్కపక్క ముక్కలు సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా కోసి 20 ముక్కలు సగటు చేస్తే దాదాపు అయిదు గంటల రికార్డు. ఆ అయిదు గంటలూ గాలి ఒకే తీరుగా ఉండాలి. చిన్న ముక్కలు వాడితే శిఖరం వెడల్పై, డ్యాంపింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఈ తప్పు ఎప్పుడూ మనకు నచ్చే వైపే జరుగుతుంది కాబట్టి రిపోర్టులో 2.5 శాతం చూడగానే ముక్క పొడవు ఎంతని అడగండి. స్పెక్ట్రమ్ పద్ధతితో పాటు స్టొకాస్టిక్ సబ్‌స్పేస్ పద్ధతి (రికార్డుకి నేరుగా గణిత నమూనాని సరిపెట్టేది) కూడా నడిపి రెండూ దగ్గరగా వస్తేనే రాసుకోండి.

కనీసం ఏడాది డేటా చేతికొచ్చేదాకా ఫ్రీక్వెన్సీ మీద అలారం పెట్టొద్దు. ఎండ, వాన, గాలి జోరు దాన్ని అటూఇటూ జరుపుతుంటాయి. గాలి పెరిగితే ఫ్రీక్వెన్సీ కొంచెం తగ్గి డ్యాంపింగ్ కొంచెం పెరగడం మామూలే. ఎత్తు తక్కువదైనా దశాబ్దాల పాటు కొలిచిన భవనం అమెరికాలో పసడీనాలోని మిల్లికన్ లైబ్రరీ (ఇప్పుడు కాల్‌టెక్ హాల్). తొమ్మిది అంతస్తులు. 1960ల నుంచి వరుస భూకంపాలతో దాని తూర్పు-పడమర ఫ్రీక్వెన్సీ 22 శాతం, ఉత్తర-దక్షిణ ఫ్రీక్వెన్సీ 12 శాతం తగ్గినా భవనం వాడుకలోనే ఉంది. మరోవైపు పెద్ద టవర్‌లో ఒక బీమ్ కీలు పగిలితే ఫ్రీక్వెన్సీ కదలకపోవచ్చు కూడా. కాబట్టి దీన్ని మొత్తం స్టిఫ్‌నెస్‌కి కొలతగా చూడండి. కీళ్ల ఆరోగ్యానికి గేజ్‌లు, కంటితో తనిఖీ వేరే ఉండాలి. టెంపరేచర్, ఊపు తీవ్రతల ప్రభావం తీసేశాక మిగిలే ఫ్రీక్వెన్సీ 1 శాతం తగ్గితే స్టిఫ్‌నెస్ 2 శాతం తగ్గినట్టు.

అలారాలు డిజైన్ పట్టికలోంచే రావాలి. ఏడాదికోసారి వచ్చే గాలికి విండ్ టన్నెల్ చెప్పిన త్వరణం దాటితే నోటు రాసి ఆనాటి గాలితో పోల్చాలి. గాలి తక్కువగా ఉండి ఊపు ఎక్కువైతే అదే అసలు హెచ్చరిక. పదేళ్ల గాలి విలువ దాటితే ఇంజనీరు భవనంలోకి వెళ్లాలి. భూకంపానికి కేంద్రం దూరాన్ని చూసి ఊరుకోవద్దు. 2011 తోహోకు భూకంపంలో కేంద్రానికి 700 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఒసాకాలో 256 మీటర్ల సకిషిమా భవనం తల ఒక్కో వైపుకి మీటరుకి పైగా ఊగింది. మెత్తటి నేల లయ, భవనం లయ కలిశాయి. అటువంటప్పుడు ముందు లిఫ్ట్ తాళ్లు, సీలింగ్‌లు, ఫైర్ పైపులు, ఆ తర్వాత కప్లింగ్ బీమ్‌లు (కోర్ గోడల్ని కలిపేవి), ఔట్‌రిగర్ కీళ్లు చూడాలి. చివరగా నిశ్చలమైన రాత్రి అయిదు గంటల రికార్డు తీసి బేస్‌లైన్‌తో పోల్చాలి.

రూఫ్ మీద కొత్తగా ఏది నిలబెట్టినా బేస్‌లైన్ మళ్లీ తీయాలి, ఆ వస్తువుకి కూడా ఒక సెన్సర్ బిగించాలి. 2021 మే 18న షెన్‌జెన్‌లో సుమారు 350 మీటర్ల ఎస్ఈజీ ప్లాజా పెద్ద గాలి లేకుండానే ఊగి, జనం బయటికి పరుగెత్తారు. తల మీది మాస్ట్‌లు (యాంటెన్నా స్తంభాలు) సుడుల వల్ల ఊగి, ఆ కంపనం భవనంలోకి దిగిందని విచారణలో తేలింది. మాస్ట్‌లు తీసేశారు. మాస్ట్ అడుగున రెండు దిశల్లో ఒక్కో యాక్సిలరోమీటర్, నాలుగు వైపులా స్ట్రెయిన్ గేజ్‌లు చాలు. ఏటా బోల్టుల బిగువు చూసేటప్పుడే దాని ఫ్రీక్వెన్సీ కూడా రాసుకుని, భవనం మోడ్‌లలో ఏదానికి దగ్గరవుతోందో గీత గీసి చూడాలి.